ఈ వయసులో కోలాటమా?

ప్రశ్న: నాకు 68 ఏళ్లు. తెలుగు పంతులమ్మగా పనిచేసి రిటైరయ్యాను. పదేళ్లుగా మధుమేహానికి మాత్రలు వాడుతున్నాను. మెట్లెక్కేటప్పుడు మోకాళ్లు నొప్పి పెడతాయి. మా వీధి రామాలయంలో సాయంత్రాలు కోలాటం నేర్పుతున్నారు. చేరతానంటే మా అబ్బాయి, ‘పడితే ఎవరు చూస్తారమ్మా, నడక చాలదా?’ అంటున్నాడు. నడకలో లేనిది నాట్యంలో ఏముంది? నా మోకాళ్లకు ఇది తగునా?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: మీ అబ్బాయి భయం పడిపోవడం గురించే, అయితే పడిపోకుండా నిలదొక్కుకునే నేర్పు నడక కంటే నాట్యంలోనే ఎక్కువగా అలవడుతుంది. చదునైన దారిలో నేరుగా నడిచేటప్పుడు శరీరం అలవాటైన పనినే చేసుకుపోతుంది. కోలాటంలో అలా కుదరదు. పక్కకు అడుగు వేయాలి, వెనక్కి తగ్గాలి, సగం తిరిగి ఎదుటివారి కోలకు కోల తగిలించాలి, మరుక్షణం జత మారాలి, ఇదంతా పాట చెవిన పడుతుండగా తాళం తప్పకుండా జరగాలి. ఒంటి బరువు ఒక కాలి మీది నుంచి మరో కాలి మీదికి మారే సమయంలోనూ, పక్కకు తిరిగే సమయంలోనూ పెద్దవారు తూలిపడే ప్రమాదం ఎక్కువ; కోలాటం సరిగ్గా ఆ కదలికలనే పదే పదే సాధన చేయిస్తుంది. 65 దాటినవారు వారానికి 150 నుంచి 300 నిమిషాల ఓ మోస్తరు వ్యాయామంతో పాటు, కనీసం 3 రోజులు శరీర సమతూకాన్నీ కండబలాన్నీ పెంచే వ్యాయామాలు చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో సూచించింది. వీటిలో మొదటిదానికి నడక చాలు, రెండోదానికి చాలదు.

మతిమరుపు మాటకు వస్తే, న్యూయార్క్‌లోని బ్రాంక్స్‌లో 75 దాటిన 469 మందిని కొన్నేళ్లపాటు గమనించి 2003లో వెలువరించిన అధ్యయనం ఒకటుంది. శారీరక వ్యాపకాలలో డిమెన్షియా ముప్పు తక్కువగా కనిపించింది నాట్యం చేసేవారిలో మాత్రమే. దీన్ని చూసి నాట్యం మతిమరుపును ఆపుతుందని చెప్పేవారున్నారు. నేను అంత దూరం వెళ్లను, ఎందుకంటే మెదడు చురుకుగా ఉన్నవారే నాట్యానికి వెళ్లి ఉండవచ్చు. జర్మనీలోని మాగ్డెబర్గ్‌లో కొద్దిమంది పెద్దవారితో 18 నెలలపాటు చేసిన ప్రయోగం ఫలితాలు 2017లో వచ్చాయి. జ్ఞాపకశక్తికి ఆధారమైన హిప్పోక్యాంపస్ అనే మెదడు భాగం పరిమాణం వ్యాయామం చేసిన జట్టులోనూ, నాట్యం చేసిన జట్టులోనూ పెరిగింది గానీ, సమతూకం విషయంలో నాట్యం చేసినవారే ముందున్నారు. వారికి ఎప్పటికప్పుడు కొత్త అడుగులు నేర్పేవారన్నది గమనించదగిన విషయం. కాబట్టి వచ్చిన రెండు కోపులనే (అడుగుల వరుసలనే) ఏడాది పొడవునా తిప్పకుండా, కొత్త కోపులు నేర్పమని మీ గురువుగారిని అడగండి. తప్పులు పోతే పోనివ్వండి. ఇన్నేళ్లు పిల్లల తప్పులు దిద్దారు కదా!

మోకాళ్ల అరుగుదల ఉన్నవారు కదలకుండా కూర్చుంటే తొడ కండరాలు నీరసించి నొప్పి ఇంకా పెరుగుతుంది. కూచిపూడిలో మోకాళ్లు వంచి సగం కూర్చున్నట్లు నిలిచే అరమండి వంటి భంగిమ మీకు భారమవుతుంది గానీ, నిలువుగా ఆడే కోలాటానికి అభ్యంతరం లేదు. ఎగిరే కోపులు, వంగి గిర్రున తిరిగే కోపులు వదిలేయండి. 10 నిమిషాలతో మొదలుపెట్టండి; నొప్పి మర్నాటి ఉదయానికీ తగ్గకపోతే ఆ వారం సమయం తగ్గించండి.

నాకు మీ మోకాళ్ల కంటే పాదాల గురించే ఎక్కువ ఆలోచనగా ఉంది. ఆలయ ప్రాంగణంలో చెప్పులు వేసుకోలేరు, మధుమేహం పాతబడితే పాదాలలో స్పర్శ తగ్గుతుంది, గులకరాయి గుచ్చుకున్నా తెలియకపోవచ్చు. ముందు డాక్టరుతో పాదాల స్పర్శ పరీక్ష చేయించుకోండి. స్పర్శ తగ్గిందంటే, బడి ఆవరణ వంటి చోట బూట్లు వేసుకుని సాధన చేసే ఏర్పాటు అడగండి. ఉత్త మేజోళ్లు నున్నని గచ్చుపై జారతాయి. రక్తంలో చక్కెరను మరీ తగ్గించగల గ్లిమెపిరైడ్ వంటి మాత్ర వేసుకుంటుంటే ఖాళీ కడుపుతో ఆడకండి, కొంగున కాస్త చక్కెర ఉంచుకోండి. ఛాతీలో బరువు, కళ్లు తిరగడం, మితిమీరిన ఆయాసం కలిగితే వెంటనే ఆపి వైద్యసహాయం తీసుకోండి.

ప్రశ్న: మా నాన్నగారికి 74 ఏళ్లు, పార్కిన్సన్స్ ఉంది. గుమ్మం దగ్గర అడుగు పడక ఆగిపోతారు, కానీ భజన వినిపిస్తే బాగానే నడుస్తారు. ఇది నిజమైన మార్పేనా, మా భ్రమా?
– ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: భ్రమ కాదు. ఈ జబ్బులో అడుగుల వరుసను లోపలి నుంచి నడిపించే వ్యవస్థ మందగిస్తుంది; బయటి నుంచి వినిపించే తాళం కొంతవరకు ఆ లోటు తీరుస్తుంది. న్యూయార్క్‌లోని బ్రూక్లిన్‌లో మార్క్ మోరిస్ నాట్య బృందం 2001లోనే ఈ రోగుల కోసం తరగతులు మొదలుపెట్టింది. టాంగో నాట్యంతో రోగుల సమతూకం కొంత మెరుగుపడినట్లు కూడా అధ్యయనాలు చూపాయి. ఇది జబ్బును నయం చేయదు కాబట్టి మందులు మానకూడదు. మందు బాగా పనిచేసే వేళ చూసి, మీరు పక్కనే ఉండి, చిడతల తాళానికి అడుగులు వేయించండి. తిరిగేటప్పుడు ఒక కాలి మీద గిర్రున తిరగనీయకుండా, చిన్న చిన్న అడుగులతో అర్ధచంద్రాకారంగా తిరగమనండి.