ఎస్‌క్యూఎం పెట్టాక స్పీడ్ టెస్ట్ 40 నుంచి 36కి పడింది. నెట్ బాగుపడిందని ఇంట్లోవాళ్లకి ఎలా చూపించాలి?

మీరు అడిగింది ఇదీ: మియాపూర్‌లో ఫ్లాట్, 40 ఎంబీపీఎస్ ఫైబర్ ప్లాన్. ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ (రౌటర్లలో వేసుకునే ఉచిత సాఫ్ట్‌వేర్) వేసిన కొత్త రౌటర్ పెట్టి, అందులో ఎస్‌క్యూఎం (స్మార్ట్ క్యూ మేనేజ్‌మెంట్, డేటా క్యూని అదుపులో పెట్టే సెట్టింగ్) ఆన్ చేశారు. కాల్స్ బాగయ్యాయని మీకు తెలుస్తోంది. కానీ స్పీడ్ టెస్ట్‌లో 40 కాస్తా 36 అయింది. నాన్నగారేమో "డబ్బులిచ్చి మరీ స్పీడ్ తగ్గించుకున్నావా?" అంటున్నారు.

ఆయన అడిగినదాంట్లో తప్పేం లేదండీ, ఆయనకి మీరు చూపించిన నంబరే తప్పు. స్పీడ్ టెస్ట్ చెప్పేది పైపు ఎంత లావో. మీరు బాగుచేసింది క్యూలో నిలబడే టైము.

ఇంట్లో ఎవరి ఫోన్‌లోనో ఫొటోలు బ్యాకప్ అవుతుంటే ఆ ప్యాకెట్లన్నీ (డేటా ముక్కలు) వెళ్లి ఓఎన్‌టీ (ఫైబర్ తీగ వచ్చి కలిసే డబ్బా) బఫర్‌లో, అంటే వంతు వచ్చేదాకా ఆగే చోట, బారులు తీరతాయి. కాల్‌లో మీరన్న మాట వాటి వెనక నిలబడుతుంది. ఇరానీ హోటల్లో ఒకాయన యాభై డబ్బాల ఉస్మానియా బిస్కెట్లు కట్టించుకుంటుంటే, ఒక్క చాయ్ టోకెన్ కోసం మీరు ఆయన వెనక నిలబడ్డట్టు. ఎస్‌క్యూఎంలో క్యూని నడిపే పద్ధతులు రెండు, కేక్, ఎఫ్‌క్యూ కోడెల్. ఏదైనా చేసే పని ఆ చాయ్ మనిషిని మధ్యలో పంపించేయడమే. అది జరగాలంటే క్యూ ఓఎన్‌టీలో కాకుండా మీ రౌటర్‌లోనే ఉండాలి. అందుకే ఎస్‌క్యూఎంలో స్పీడ్‌ని లైన్ కంటే ఓ పది శాతం తక్కువకి బిగిస్తాం. ఆ పోయిన 4 దాని ఖరీదు.

లెక్క చూడండి. బఫర్‌లో 1 మెగాబైట్ పేరుకుంటే 40 లైన్ మీద అది ఖాళీ కావడానికి 200 మిల్లీసెకన్లు పడుతుంది. ఒక వెబ్ పేజీ మొదలవ్వాలంటే డీఎన్‌ఎస్ (సైట్ అడ్రస్ కనుక్కోవడం), టీసీపీ (కనెక్షన్ కలపడం), టీఎల్‌ఎస్ (దానికి తాళం వేయడం), ఆ పైన పేజీని అడగడం, మామూలుగా నాలుగు రాకపోకలు. ఒక్కోటి 10 మిల్లీసెకన్లయితే మొత్తం 40. అదే క్యూలో ఆగిన 200 కూడా కలిసి ఒక్కోటి 210 అయితే 840. స్పీడ్ టెస్ట్‌లో 40 వస్తున్నా స్క్రీన్ తెల్లగా ఉండిపోయేది అందుకే.

ఇంకొకరికి చూపించే ముందు మీరు రూఢి చేసుకోండి. ల్యాప్‌టాప్‌ని లాన్ కేబుల్‌తో కలపండి. ఆఫీస్ వీపీఎన్ ఆపేయండి (లేకపోతే మీరు కొలిచేది ఆఫీస్ సర్వర్ దూరం), వన్‌డ్రైవ్ కూడా. రెండు కమాండ్ ప్రాంప్ట్ విండోలు తెరిచి, ఒకదాంట్లో రౌటర్ అడ్రస్‌కి, చాలా ఇళ్లలో అది 192.168.1.1, రెండోదాంట్లో బయట ఇంటర్నెట్‌లో ఉన్న 1.1.1.1కి పింగ్ (చిన్న ప్యాకెట్ వెళ్లి తిరిగి రావడానికి ఎన్ని మిల్లీసెకన్లు పట్టిందో చెప్పే కమాండ్; ఆగకుండా నడవాలంటే ping -t) పెట్టి నడవనివ్వండి. ఒక నిమిషం ఊరికే వదిలేయండి. తర్వాత 1 జీబీ వీడియో ఒకటి గూగుల్ డ్రైవ్‌కి అప్‌లోడ్ పెట్టండి. 40 ఎంబీపీఎస్ అంటే సెకనుకి 5 మెగాబైట్లు, కాబట్టి మూడు నిమిషాలకి పైనే లోడ్ ఉంటుంది. మొదటి పది సెకన్లు వదిలేసి తర్వాతి 60 పింగులు తీసుకోండి. ఎస్‌క్యూఎం ఆపి ఒకసారి, పెట్టి ఒకసారి. ఇదంతా పొద్దున ఆరింటికి కాదు, రాత్రి తొమ్మిది పదిన్నర మధ్య చేయాలి.

సగటుని మాత్రం నమ్మొద్దు. 60 పింగుల్లో 55 సార్లు 12, ఐదుసార్లు 600 వచ్చాయనుకోండి. సగటు 61. చూడ్డానికి ముద్దుగా ఉంది, కానీ ఆ నిమిషంలో కాల్ ఐదుసార్లు తెగింది. నంబర్లని చిన్న నుంచి పెద్దకి పేర్చి 57వది (60లో 95 శాతం దగ్గర ఉండేది) చూడండి, అసలు కథ అక్కడుంది.

రెండు విండోలు ఎందుకంటే, ఇదే పరీక్షని ఇప్పుడు కేబుల్ పీకి వైఫై మీద చేయాలి. బయటి పింగ్ ఒక్కటే పెరిగితే లైన్‌లో క్యూ, అది ఎస్‌క్యూఎం చూసుకుంటుంది. రౌటర్ పింగ్ కూడా కలిసి పెరుగుతుంటే జబ్బు వైఫైలో ఉంది, ఎస్‌క్యూఎంని ఎంత తిప్పినా లాభం లేదు. మన కొత్త టవర్లలో ఇది మరీ ఎక్కువ. వాటిలో చాలావాటిది మైవాన్ (అల్యూమినియం అచ్చుల్లో పోసే) కట్టడం, అంటే గదికీ గదికీ మధ్య ఇటుక కాదు, కాంక్రీట్ గోడ. 5 గిగాహెర్ట్జ్ వైఫై సిగ్నల్ రెండు గోడలు దాటేసరికి నీరసించిపోతుంది. పైగా రౌటర్‌ని గుమ్మం పక్కన ఇనప డబ్బాలో పెట్టి మూత వేస్తారు! ముందు దాన్ని హాల్లోకి తెండి. కాల్ మాట్లాడే చోట సిగ్నల్ మైనస్ 67 డీబీఎం (సిగ్నల్ బలం కొలత, మైనస్ 75 అంటే ఇంకా బలహీనం) కంటే పడిపోకూడదు. 2.4 గిగాహెర్ట్జ్ వాడక తప్పకపోతే చానల్ వెడల్పు 20 మెగాహెర్ట్జ్, చానల్ 1, 6, 11లో ఏది ఖాళీగా ఉంటే అది.

ఇక నాన్నగారి సంగతి. గ్రాఫులు వద్దు. పింగ్ కూడా వద్దు. పింగ్ సన్నని ధార (ఫ్లో) కాబట్టి కేక్ దాన్ని ఎలాగూ ముందుకి తోసేస్తుంది, ఫలితం ఉన్నదానికంటే అందంగా కనిపిస్తుంది. వీడియో కాల్‌తో చూపించండి.

ఆయన ఫోన్ వైఫై మీద ఉండాలి. రెండో ఫోన్ మొబైల్ డేటా మీద, కింద పార్కింగ్‌లో. రెండూ ఒకే వైఫై మీద ఉంటే వాట్సాప్ కాల్ ఇంట్లోంచి ఇంట్లోకే నేరుగా వెళ్లిపోవచ్చు, అసలు లైన్‌ని తాకదు. చాలా డెమోలు బోల్తా పడేది ఇక్కడే. ల్యాప్‌టాప్‌లో అప్‌లోడ్ నడుస్తుండగా ఆయన "ఒకటి" అనాలి, అవతలివాళ్లు వెంటనే "రెండు", ఆయన "మూడు", అలా ఇరవై దాకా. ఆలస్యం ఉంటే ఐదారు అంకెలకే ఇద్దరూ ఒకరి మాట మీద ఒకరు పడతారు.

ఎస్‌క్యూఎం టిక్ పెట్టడం, తీయడం పక్క గదిలో ఇంకొకరు చూసుకోవాలి. ఒక్కో జతలో ఒకసారి ఆన్, ఒకసారి ఆఫ్. ఏది ముందో బొమ్మా బొరుసా వేసి తేల్చండి. మార్చిన ప్రతిసారీ 20 సెకన్లు ఆగండి, కాల్ నాణ్యతని యాప్ తనంతట తానే సర్దుకోవడానికి టైము పడుతుంది. జత అయ్యాక ఏది బాగుందో ఆయన కాగితం మీద రాయాలి. నాలుగు జతలు చాలు. గుడ్డిగా చెప్తే నాలుగూ సరిపోయే అవకాశం పదహారింట ఒకటి. ఆయనకి తేడా తెలియలేదంటే, నిజంగానే తేడా లేదేమో అని మీరూ ఒప్పుకోవాలి మరి.

ఆన్ చేసినా తేడా రాకపోతే మొదట రౌటర్‌లో హార్డ్‌వేర్ ఫ్లో ఆఫ్‌లోడింగ్ (ప్యాకెట్లని ప్రాసెసర్ దాకా రానివ్వకుండా చిప్ నేరుగా పంపేసే సెట్టింగ్) చూడండి. అది ఆన్‌లో ఉంటే ప్యాకెట్లు ఎస్‌క్యూఎం మొహం చూడకుండానే వెళ్లిపోతాయి. తర్వాత, మీరు పెట్టిన 36 పగటి కొలత మీద పెట్టిందా? రాత్రి లైన్ 32కి దిగితే క్యూ మళ్లీ ఓఎన్‌టీకే పోతుంది, కాబట్టి రాత్రి వచ్చిన కనిష్ఠంలో 90 శాతం పెట్టండి, డౌన్‌లోడ్‌కీ అప్‌లోడ్‌కీ విడివిడిగా. అదే సెట్టింగుల్లో లింక్ లేయర్ ఈథర్నెట్, ఓవర్‌హెడ్ (ఒక్కో ప్యాకెట్‌కి అదనంగా తోడయ్యే బైట్లు) 44. పాత చిన్న చిప్ రౌటరైతే లోడ్ మీద ఉన్నప్పుడు రౌటర్‌లో టాప్ కమాండ్ నడిపి ఐడిల్ (ప్రాసెసర్ ఎంత శాతం ఖాళీగా ఉందో) సున్నాకి వస్తోందేమో చూడండి. వస్తుంటే ప్రాసెసర్ చాలట్లేదు, కేక్ బదులు ఎఫ్‌క్యూ కోడెల్‌తో సింపుల్ స్క్రిప్ట్ పెడితే కొంత తేలికపడుతుంది.

కింది ఫ్లాట్ వాళ్ల 200 ప్లాన్‌లో ఎప్పుడూ 94 దాటట్లేదన్నారు కదా, అది ఎస్‌క్యూఎం పని కాదు. 94 అనగానే 100 ఎంబీపీఎస్ పోర్టో, ఎనిమిది తీగల్లో నాలుగే కలిపిన కేబులో అనుకోండి. ముందు కేబుల్ మార్చి చూడమనండి.