వ్యాసం ఎవరిది, ఫొటో ఎవరిది?

ప్రశ్న: విశాఖపట్నం ఎం.వి.పి. కాలనీలో అరకు కాఫీ, అనకాపల్లి బెల్లం, ఏటికొప్పాక లక్క బొమ్మలు అమ్మే చిన్న దుకాణం మాది. మా వెబ్‌సైటుకు జనం రావాలని గాజువాకలో ఉండే ఒక కుర్రాడి చేత వ్యాసానికి 1,500 రూపాయల చొప్పున 46 వ్యాసాలు రాయించి బ్లాగులో పెట్టుకున్నాము. మా పేరు, లింకు వేయాలన్న షరతు మీద వాటినే పర్యాటకం, వంటల విషయాలు రాసే నాలుగు వెబ్‌సైట్లకు కూడా ఇచ్చాము. ఫొటోలు మాత్రం వేరే ఫొటోగ్రాఫరుకు డబ్బిచ్చి తీయించాము. ఇప్పుడు అదే వ్యాపారం చేసే మరో దుకాణం వారి సైటులో మా వ్యాసాలు 31, ఫొటోలతో సహా ఉన్నాయి. ఆ కుర్రాడిని అడిగితే తన రాతలు తాను అమ్ముకున్నానని అన్నాడు. పైగా ఆ నాలుగు సైట్లలో ఉన్నవి తీయించమని మాకే చెబుతున్నాడు. సొంత తమ్ముడిలా చూసుకున్నాను, ప్రతి సంక్రాంతికీ బట్టలు పెట్టాను. ఈ సంగతి మొదటిసారి చూసి రెండేళ్ల ఎనిమిది నెలలైంది. బుద్ధి తెచ్చుకుంటాడని ఊరుకున్నాము. పాత తేదీ ఉన్న స్టాంపు కాగితం మీద ఒప్పందం రాసి పెట్టుకుంటే సరిపోతుందని మా బంధువు ఒకరు అంటున్నారు. పోలీసు కేసు పెట్టవచ్చా?
— ఒక పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: మీ ఉత్తరం మూడు పేజీలు ఉన్నది. అందులో ఆ యువకుడికి మీరు చేసిన మేలు రెండున్నర పేజీలు ఆక్రమించగా, ఈ తగాదాను తేల్చే విషయం ఒకే ఒక వాక్యంలో ఉన్నది: "కాగితాలేవీ రాసుకోలేదు." మీ కేసు బలాబలాలు ఆ వాక్యం మీదనే ఆధారపడి ఉన్నాయి.

కాపీరైట్ చట్టం, 1957 లోని 17వ సెక్షన్ ప్రకారం రచనకు మొదటి యజమాని రచయితే. ఉద్యోగి తన ఉద్యోగ విధుల్లో భాగంగా రాసినది యజమానికి చెందుతుంది. కానీ ఆ యువకుడు మీ దుకాణానికి వచ్చి పనిచేసినవాడు కాదు, నెల జీతం తీసుకున్నవాడు కాదు. తన ఇంట్లో కూర్చుని, వ్యాసానికి ఇంత అని లెక్కగట్టుకుని రాసినవాడు. అటువంటి వ్యక్తి హక్కు మీకు రావాలంటే 19వ సెక్షన్ చెప్పినట్లు రాతపూర్వకమైన బదిలీ పత్రం ఉండాలి, దాని మీద అతని సంతకం ఉండాలి. 69,000 రూపాయలు చెల్లించిన మీరు అర పేజీ కాగితం రాయించుకోలేదు. దుకాణం అద్దెకు తీసుకునేటప్పుడు ఒప్పందం లేకుండా తాళం చెవి అందుకున్నారా? వ్యాసాల దగ్గరికి వచ్చేసరికి ఆ జాగ్రత్త ఏమైంది?

కాబట్టి డబ్బు చెల్లించారు గనుక వ్యాసాలు మీవే అన్న నమ్మకాన్ని ముందు వదలండి. అవి మీ సైటు కోసమే రాయించుకున్నారు కనుక మీ సైటులో ఉంచుకునే అనుమతి మీకు ఉన్నదని గట్టిగా వాదించవచ్చు. ఇతర సైట్లకు పునర్ముద్రణకు ఇవ్వడం వేరే హక్కు. ఆ నాలుగు సైట్లకు మీరు ఇచ్చిన అనుమతి, మీ చేతిలో లేని హక్కును పంచిపెట్టినట్లయింది. ఈ విషయంలో ఆ యువకుడు అడుగుతున్నది అన్యాయమని నేను చెప్పలేను. ఆ పేజీల్లో అతని పేరు తీసేసి "మా బృందం" అని వేశారని కూడా రాశారు. 57వ సెక్షన్ కింద తాను రచయితనని చెప్పుకునే హక్కు అతనికి విడిగా ఉన్నది. అతని పేరు ఈరోజే తిరిగి చేర్చండి. కొత్తగా ఎవరికీ వ్యాసాలు ఇవ్వకండి.

ఇక మీ బంధువు సలహా. ఆ సలహాను విన్న చోటనే వదిలివేయండి. మనిషి సంతకం చేయని ఒప్పందాన్ని చేసినట్లుగా, లేని తేదీతో తయారుచేయడం భారతీయ న్యాయ సంహిత 336వ సెక్షన్ కింద ఫోర్జరీ. దాన్ని నిజమైనదిగా వాడడం 340వ సెక్షన్ కింద నేరం. కోర్టులో దాన్ని ఆధారంగా చూపి సాక్ష్యం చెబితే 229వ సెక్షన్ కింద ఏడేళ్ల వరకు శిక్ష పడవచ్చు. స్టాంపు కాగితం మీద విక్రేత వేసిన వరుస సంఖ్య, తేదీ, కొన్నవారి పేరు ఉంటాయి. అవే వివరాలు అతని రిజిస్టరులోనూ ఉంటాయి. ఇ-స్టాంపు అయితే జారీ చేసిన సమయంతో సహా దాని మీదనే ముద్రితమై ఉంటుంది. అవతలి న్యాయవాది ఆ రిజిస్టరును ఒక్కసారి తెప్పిస్తే, ఇవాళ ఫిర్యాదుదారుగా ఉన్న మీరు రేపు ముద్దాయి అవుతారు, దానితోపాటు మీకున్న నిజమైన హక్కు కూడా ఎవరూ నమ్మనిదైపోతుంది.

ఆ నిజమైన హక్కు ఫొటోల మీద ఉన్నది. ఉత్తరంలో మీరు దాన్ని ఒక్క ముక్కలో దాటవేశారు. అదే 17వ సెక్షన్‌లోని (బి) క్లాజు ప్రకారం, ఒకరు ప్రతిఫలం చెల్లించి, తమ కోరిక మీద తీయించుకున్న ఫొటోకు, వేరే ఒప్పందం లేనప్పుడు, తీయించుకున్నవారే మొదటి యజమాని. వ్యాసానికి లేని ఈ సౌలభ్యాన్ని చట్టం ఫొటోకు ఇచ్చింది. అయితే ఫొటోగ్రాఫరు ఇచ్చిన బిల్లు అడుగున చిన్న అక్షరాల్లో హక్కులు తమవేనని అచ్చువేసి ఉన్నదేమో చూడండి. కొందరు అలా వేసుకుంటారు. అది లేకపోతే మీ స్థానం గట్టిది.

మీరు జతచేసిన ముద్రణల్లో ఇత్తడి కాఫీ ఫిల్టరు బొమ్మను శ్రద్ధగా చూశాను. మీ సైటులోని ఫొటోలో ఫిల్టరు నిగనిగలాడే పొట్ట మీద మీ బోర్డు ప్రతిబింబం కుడిఎడమలై కనిపిస్తున్నది. అవతలి వారు ఎడమ అంచు కత్తిరించారు గానీ, ఆ ఇత్తడి మీద కుడిఎడమలైన "కాఫీ" అన్న అక్షరాలు, పక్కనే మీ కిటికీ ఊచలు మూడు అలాగే ఉండిపోయాయి. ఇటువంటి సాక్ష్యం దొరకడం అరుదు.

మీరు వ్యాసాలు ఇచ్చిన ఆ నాలుగు సైట్లు ఇక్కడ మీకు ఉపయోగపడతాయి. వ్యాసాల విషయంలో మిమ్మల్ని ఇబ్బందిలో పెట్టిన ఆ పునర్ముద్రణలే, మీ దుకాణం పేరుతో, మీ లింకుతో, తేదీ వేసి ఫొటోలను ముందుగా ప్రచురించాయి. మీతో గానీ అవతలి వారితో గానీ సంబంధం లేని మూడో వ్యక్తి దగ్గర ఉన్న తేదీకి విలువ ఎక్కువ. కనుక ఆ పేజీలను తీయించే ముందు వాటి చిరునామా, తేదీ కనిపించేలా నకళ్లు తీసి భద్రపరచండి. ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో పాత పేజీలు నిల్వ ఉన్నాయేమో వెతకండి. అయితే ఉత్త స్క్రీన్‌షాట్లు కోర్టులో నిలవవు. భారతీయ సాక్ష్య అధినియం 63(4) సెక్షన్ కోరే ధ్రువపత్రం, హాష్ విలువతో (ఫైలు మారలేదని చూపే అక్షరాంకెల గుర్తుతో), నిపుణుడు సంతకం చేసే రెండో భాగంతో సహా జతచేయాలి. పాత సాక్ష్య చట్టం కింద ఇటువంటి ధ్రువపత్రం తప్పనిసరి అని సుప్రీంకోర్టు 2020లో అర్జున్ పండిత్‌రావు ఖోత్కర్ కేసులో స్పష్టం చేసింది. ఫోను మార్చినప్పుడు వాట్సాప్ సంభాషణలు పోయాయని రాశారు. వ్యాపారం చేసేవారు చేయకూడని పొరపాటు అది. చెల్లింపుల వరకు బ్యాంకు స్టేట్‌మెంటు ఆదుకుంటుంది, మాటల వరకు ఆదుకునేది ఏదీ లేదు.

కాలపరిమితి సంగతి ఇంతకంటే తొందరైనది. నష్టపరిహారానికి లిమిటేషన్ చట్టం, 1963 షెడ్యూలులోని 88వ అధికరణం మూడేళ్లు ఇస్తుంది. ఆ మూడేళ్లు ఉల్లంఘన జరిగిన రోజు నుంచి లెక్క, మీరు చూసిన రోజు నుంచి కాదు. మీరు చూడడానికి ఎన్ని నెలల ముందు వారు ఆ ఫొటోలు పెట్టారో మీకే తెలియదు. ఇంకా నాలుగు నెలలు ఉన్నాయని మీరు అనుకుంటున్నారు. కొన్ని ఫొటోల విషయంలో అది అయిపోయి ఉండవచ్చు. అవి ఇంకా ఆ సైటులో కొనసాగుతున్నాయి కనుక తొలగించమని నిషేధపు ఉత్తర్వు కోరడానికి దారి ఉన్నది. పాత నష్టం మాత్రం ఆలస్యం చేసినకొద్దీ చేజారుతుంది.

కాపీరైట్ చట్టం 62వ సెక్షన్ ప్రకారం మీరు వ్యాపారం చేసే చోటనే, అంటే విశాఖపట్నంలోనే దావా వేయవచ్చు. దావా విలువ 3 లక్షల రూపాయలు లేదా అంతకు మించితే ఇక్కడి వాణిజ్య కోర్టుకు వెళ్లాలి. అత్యవసర మధ్యంతర ఉత్తర్వు కోరని పక్షంలో ముందుగా జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ద్వారా మధ్యవర్తిత్వం తప్పనిసరి. అందులో గడిచిన కాలం పరిమితి లెక్కలోకి రాదు. సెర్చ్ ఇంజన్లకు ఫిర్యాదు పంపాలనుకుంటే ఫొటోలకే పరిమితం చేయండి. చట్టం కింద అటువంటి ఫిర్యాదుతో లింకు ఆగేది 21 రోజులే, ఆలోగా కోర్టు ఉత్తర్వు చూపాలి కనుక దావా కాగితాలు సిద్ధం కాకముందు పంపవద్దు. వ్యాసాలను కూడా మీవేనని చెప్పి బెదిరింపు నోటీసులు ఇస్తే, 60వ సెక్షన్ కింద వారే మీ మీద దావా వేయగలరు. పోలీసు ఫిర్యాదుకు కూడా ఇదే వర్తిస్తుంది. కాపీరైట్ చట్టం 63వ సెక్షన్ కింద వచ్చే ఉల్లంఘన నేరాన్ని పోలీసులు నేరుగా నమోదు చేయవచ్చని సుప్రీంకోర్టు 2022లో చెప్పింది గానీ, మీవి కాని వ్యాసాలను ఆ ఫిర్యాదులో కలిపితే ఫొటోల కేసు కూడా బలహీనపడుతుంది.

వ్యాసాల కోసం మీరు మాట్లాడవలసింది ఆ యువకుడితోనే, అది కూడా కోపం లేకుండా. లైసెన్సు సైతం రాతపూర్వకంగా ఉండాలని 30వ సెక్షన్ చెబుతున్నది. అవతలి దుకాణం వారి దగ్గరా కాగితం లేకపోతే వారి స్థానం మీకంటే మెరుగేమీ కాదు. కొంత అదనపు మొత్తం ఇచ్చి, ఇవాళ్టి తేదీతోనే బదిలీ పత్రం రాయించుకోండి. అందులో 46 వ్యాసాల శీర్షికలు విడివిడిగా ఉండాలి, చెల్లించిన మొత్తం ఉండాలి, ఆ నాలుగు సైట్లలో ఇంతవరకు జరిగిన పునర్ముద్రణకు అతనికి అభ్యంతరం లేదన్న మాట ఉండాలి. కాలవ్యవధి రాయకపోతే చట్టం ఐదేళ్లే అనుకుంటుంది, ప్రాంతం రాయకపోతే భారతదేశానికే పరిమితం చేస్తుంది. వెబ్‌సైటును ప్రపంచంలో ఎక్కడినుంచైనా చూస్తారు కనుక ఈ రెండూ స్పష్టంగా రాయించండి. బదిలీ అయిన హక్కును ఏడాదిలోగా వాడకపోతే అది రద్దయినట్లేనన్న నిబంధన నుంచి మినహాయింపు కూడా అందులోనే చేర్చాలి.

వీటన్నిటికంటే ముందు, ఈ వారంలోనే ఆ ఫొటోగ్రాఫరును కలవండి. కెమెరాలోంచి వచ్చిన అసలు ఫైళ్లు అతని దగ్గర ఉన్నాయో లేదో అడగండి. ఉంటే కొత్త హార్డ్ డిస్కులోకి నకలు తీయించి, అసలు కార్డును గానీ డిస్కును గానీ చెరపవద్దని అతనికి రాతలో చెప్పి, అందినట్లు సంతకం తీసుకోండి.