ఆరు నెలల కోర్సుకు ఆరు సవర్ల బంగారమా?

ప్రశ్న: మాది బుచ్చిరెడ్డిపాళెం. మా ఆయన రైస్ మిల్లులో పనిచేస్తారు, నేను ఇంట్లోనే బట్టలు కుడతాను. ఇద్దరిదీ కలిపి నెలకు 27 వేలు వస్తుంది. అబ్బాయికి 19 ఏళ్లు. ఇంటర్ పాసయ్యాడు, డిగ్రీ చదవనన్నాడు. ఏడు నెలలుగా నెల్లూరులో ఒక ఏసీ మెకానిక్ దగ్గరికి పోతున్నాడు, నెలకు 6 వేలు ఇస్తున్నారు. ఇప్పుడు చెన్నైలో ఆరు నెలల కోర్సులో చేరతానంటున్నాడు. ఏసీ, ఫ్రిజ్, సీసీ కెమెరాలు అన్నీ నేర్పి ఉద్యోగం కూడా గ్యారంటీగా ఇప్పిస్తారంట. ఫీజు 1,40,000, హాస్టల్ వేరే. ఈ నెలాఖరులోపు కడితే 20 వేలు తగ్గిస్తారంట. నా దగ్గర ఆరు సవర్ల బంగారం ఉంది. పోస్టాఫీసులో నెలకు 2 వేల ఆర్‌డీ 30 నెలలు కట్టాను. బంగారం కుదువ పెట్టి వాడిని చేర్పించేదా, ఆ డబ్బుతో బుచ్చిలోనే షాపు పెట్టించేదా?

జవాబు: రెండూ వద్దమ్మా. మీవాడు ఎంచుకున్న పని మంచిదే, దానికి అడ్డం చెప్పను. ఆ పని నేర్చుకోవడానికి ఇంత డబ్బు పోయాల్సిన పని లేదు, అంతే.

ముందు లెక్క చూద్దాం. తగ్గింపు పోను ఫీజు 1,20,000. చెన్నైలో హాస్టల్, తిండి కలిపి నెలకు 6,500 వేసుకున్నా ఆరు నెలలకు 39 వేలు. ఈ ఆరు నెలలూ ఇక్కడ రావాల్సిన 36 వేలు రావు. మొత్తం 1,95,000. చేతి నుంచి పెట్టాల్సిన 1,59,000 కోసం బ్యాంకులో బంగారం పెడితే, తొమ్మిదిన్నర శాతం చొప్పున నెలకు పన్నెండు వందల పైమాట వడ్డీ. బయట రెండు రూపాయల వడ్డీకి పెడితే నెలకు 3,180. వాడు తిరిగొచ్చాక 12 వేల జీతంతో చేరాడనుకుందాం. ఆ అప్పు తీరడానికి ఎన్నేళ్లు పడుతుందో మీరే వేసి చూడండి.

నెలాఖరులోపు కడితే తగ్గిస్తామనే మాటకు తొందరపడొద్దు. వచ్చే నెల ఇంకో నెలాఖరు వస్తుంది. ఉద్యోగం గ్యారంటీ అన్నదాన్ని కాగితం మీద రాసిమ్మని అడగండి. ఏ కంపెనీలో, ఎంత జీతానికి, ఇప్పించకపోతే ఫీజులో ఎంత వెనక్కిస్తారు? పోయిన బ్యాచ్‌లో మన నెల్లూరు వైపు పిల్లలు ఇద్దరి ఫోన్ నంబర్లు అడిగి, వాళ్లతో మీరే మాట్లాడండి. ఇచ్చే సర్టిఫికెట్‌కు ఎన్‌సీవీఈటీ (వృత్తి కోర్సులను గుర్తించే కేంద్ర ప్రభుత్వ సంస్థ) గుర్తింపు ఉందా, సొంతంగా అచ్చేసుకున్నదా? ఇవి అడగ్గానే ఫోన్ పెట్టేస్తే మీకు జవాబు దొరికినట్టే. ఇంకొకటి. "డబ్బు లేకపోతే ఈఎంఐ పెడతాం" అంటారు. ఆ అప్పు ఇన్‌స్టిట్యూట్‌ది కాదు, మీ పేరు మీద ఫైనాన్స్ కంపెనీ ఇచ్చేది. పిల్లవాడు రెండో నెలలో మానేసి వచ్చినా, ఇన్‌స్టిట్యూటే మూతపడినా కిస్తీ మాత్రం ఆగదు.

ఇక్కడ మా ఇంటి సంగతి ఒకటి చెప్పాలి. నేనుండేది ఒంగోలులో. మా ఏసీ వరసగా రెండు వేసవులు చల్లదనం తగ్గింది. రెండుసార్లూ వచ్చినవాళ్లు గ్యాస్ నింపి 2,500 తీసుకుపోయారు. మూడో ఏడు వేరే కుర్రాడు వచ్చాడు. గ్యాస్ పట్టమంటే పట్టలేదు. "గ్యాస్ పెట్రోల్ కాదు సార్ అయిపోవడానికి, తగ్గిందంటే ఎక్కడో పోతున్నట్టే" అన్నాడు. నైట్రోజన్ ఎక్కించి, గిన్నెలో సబ్బు నురుగు కలిపి, ఔట్‌డోర్ దగ్గర కాపర్ పైపు బిగించే నట్టు మీద బ్రష్‌తో రాసి, ఎండలో కదలకుండా కూర్చున్నాడు. కాసేపటికి ఆవగింజంత బుడగ ఒకటి లేచింది, పగిలింది, మళ్లీ లేచింది. పైపు కొస కోసి, దాన్ని కొత్తగా గరాటులా విప్పార్చి (దీన్నే ఫ్లేర్ చేయడం అంటారు), అరగంట వాక్యూం పెట్టి, గ్యాస్‌ను కాటా మీద తూకం చూసి పోశాడు. 3,800 తీసుకున్నాడు. మూడేళ్లయింది, మళ్లీ గ్యాస్ మాటే లేదు. మా అపార్ట్‌మెంట్‌లో అందరికీ అతని నంబరే ఇచ్చాను. ఎక్కడ నేర్చుకున్నావంటే, ఐటీఐ చేసి నాలుగేళ్లు ఒక మేస్త్రీ కింద ఉన్నానన్నాడు.

అందుకే నన్నడిగితే ఐటీఐ అంటాను. రిఫ్రిజిరేషన్, ఏసీ టెక్నీషియన్ ట్రేడు రెండేళ్లు, పదో తరగతి పాసైతే చాలు, పై వయసు అడ్డం లేదు. ప్రభుత్వ ఐటీఐలో ఫీజు మీ చెన్నై కోర్సుతో పోలిస్తే లెక్కలోకే రాదు. నెల్లూరులో ఈ ట్రేడు ఏ ఐటీఐలో ఉందో, సీట్లెన్నో అడ్మిషన్ల సమయంలో వెళ్లి కనుక్కోండి. బుచ్చి నుంచి రోజూ బస్సులో పోయి రావచ్చు. ఆదివారాలు, వేసవి సెలవులు మేస్త్రీ దగ్గరే పనిచేయమనండి, చెయ్యి పని మరిచిపోదు, కాస్త డబ్బూ వస్తుంది. 21 ఏళ్లకు చేతిలో దేశమంతా చెల్లే సర్టిఫికెట్ ఉంటుంది. ఆ తర్వాత స్టైపెండ్‌తో అప్రెంటిస్‌షిప్‌కు పోవచ్చు. రేపు గల్ఫ్‌కు పోవాలనుకున్నా ఆ కాగితం పనికొస్తుంది. ఒక్క జాగ్రత్త: మనసులో కరెంటాఫీసు లైన్‌మన్ ఉద్యోగం ఉంటే మాత్రం ఈ ట్రేడు కాదు, ఎలక్ట్రికల్ గానీ వైర్‌మన్ గానీ తీసుకోవాలి. తప్పు ట్రేడు తీసుకుని రెండేళ్ల తర్వాత తలపట్టుకున్న పిల్లలను చూశాను.

శ్రీసిటీలో డైకిన్, బ్లూస్టార్ లాంటి ఏసీ ఫ్యాక్టరీలు ఉన్నాయి కదా, అక్కడ చేరితే సరిపోదా అని మీ ఆయన అనవచ్చు. జీతం నెలనెలా వస్తుంది, తప్పు లేదు. కానీ అక్కడ లైన్ మీద ఒక స్క్రూ బిగించేవాడు ఏళ్లు గడిచినా ఆ స్క్రూయే బిగిస్తుంటాడు. రిపేరు పని వేరు.

డిగ్రీ వద్దన్న పిల్లవాడు ఐటీఐ క్లాసులో మాత్రం కూర్చుంటాడా అనే అనుమానం మీకు ఉండొచ్చు, నాకూ ఉంది. కూర్చోనంటే ఇంకో దారి ఉంది. బ్యాంకులు నడిపే ఆర్‌సెటీలు, అంటే పల్లె యువతకు స్వయం ఉపాధి పనులు నేర్పే శిక్షణ సంస్థలు. 1982లో కర్ణాటకలోని ఉజిరెలో రూడ్‌సెట్ పేరుతో మొదలైన పద్ధతి ఇది, ఒంగోలులోనూ రూడ్‌సెట్ ఉంది. ఫ్రిజ్, ఏసీ రిపేరు, సెల్‌ఫోన్ రిపేరు లాంటివి నెల రోజుల్లో, సీసీ కెమెరాల బిగింపు రెండు వారాల లోపు నేర్పుతారు. శిక్షణ, భోజనం, వసతి అన్నీ ఉచితం. మీ జిల్లాకు ఏది, తర్వాతి బ్యాచ్ ఎప్పుడు అనేది బుచ్చిలో మీ ఖాతా ఉన్న బ్యాంకులో అడగండి. నెల రోజుల్లో మెకానిక్ అయిపోడు. ఏడు నెలల అనుభవానికి అది తోడవుతుంది, తర్వాత లోను కావాల్సినప్పుడు బ్యాంకులో తెలిసిన ముఖమూ అవుతుంది.

షాపు మాటకొస్తే, ఇప్పుడు అసలే వద్దు. ఏసీ మెకానిక్‌ను ఎవరూ షాపుకొచ్చి వెతకరు, ఫోన్ చేస్తారు. అడ్వాన్సు, బోర్డు, నెల అద్దె, ఇవన్నీ వాన పడే నెలల్లో కూడా కట్టాలి. ఈ వృత్తిలో అసలు టెన్షన్ అదే. శివరాత్రి దాటినప్పటి నుంచి జూన్ దాకా ఊపిరి తిరగదు. అక్టోబరు, నవంబరు, డిసెంబరు నెలల్లో, మన వైపు వానలు దంచేటప్పుడు, ఫోన్ మోగదు. సీజన్‌లో వచ్చిన ప్రతి వెయ్యిలో 300 విడిగా వాడి పేరు మీద ఇంకో ఖాతాలో వేయించండి. ఆ ఖాతాకు ఏటీఎం కార్డు తీసుకోనివ్వకండి.

ఫోన్ మోగని నెలలకు ఇంకో పని నేర్చుకోవాలి, అది బోర్డు రిపేరు, అంటే లోపలి ఎలక్ట్రానిక్ సర్క్యూట్ బోర్డు బాగుచేయడం. ఇన్వర్టర్ ఏసీ బోర్డు పోతే చాలామంది కొత్తది వేయమంటారు, అది వేలల్లో ఉంటుంది. పోయింది ఏ కెపాసిటరో, రిలేనో కనిపెట్టి మార్చేవాడికి మిగులు ఎక్కువ. ఉరుములకు, ఓల్టేజి ఎగుడుదిగుళ్లకు టీవీలు, యూపీఎస్‌లు, స్టార్టర్లు పోయేది కూడా ఆ వానల్లోనే. సముద్రం దగ్గర ఊళ్లలో ఉప్పు గాలికి ఔట్‌డోర్ కాయిల్స్, బోర్డులు తొందరగా తుప్పు పడతాయి, అల్లూరు, ఇందుకూరుపేట వైపు రొయ్యల చెరువుల మీద నీళ్లలో గాలి కలిపే ఏరేటర్ల కరెంటు ప్యానెళ్లదీ అదే బాధ. మీ ఆయన్ని ఒకటి అడగండి: మిల్లులో బియ్యం రంగు చూసి ఏరే సార్టెక్స్ మిషన్ ఆగితే ఎవరిని పిలుస్తారు, వాళ్లు ఎక్కడి నుంచి వస్తారు, ఎంత తీసుకుంటారు? ఆ వచ్చినవాళ్ల పక్కన మీవాడు ఒక పూట నిలబడగలిగితే నాకు తెలిసి అంతకన్నా మంచి క్లాసు లేదు.

పనిముట్లకు మాత్రం డబ్బు పెట్టండి. కరెంటు కొలిచే సొంత క్లాంప్ మీటర్, గ్యాస్ ప్రెషర్ చూసే గేజ్ సెట్, చిన్న వాక్యూం పంపు, ఫ్లేరింగ్ టూల్, కాటా, సోల్డరింగ్ ఐరన్. ఒక్కసారే కాకుండా పని పెరిగేకొద్దీ కొంటే 30 వేలలో మొదలు పెట్టొచ్చు. ఈ డబ్బుకు బంగారం జోలికి పోనక్కర్లేదు. మీ ఆర్‌డీ మూడేళ్లు నిండలేదు కాబట్టి ఇప్పుడు మూసేయనివ్వరు. నిండాక మూసినా మామూలు సేవింగ్స్ ఖాతా వడ్డీయే ఇస్తారు. కానీ 12 కిస్తీలు కట్టినవాళ్లకు అందులో సగం దాకా అప్పు ఇస్తారు. మీకు 30 వేలు వస్తుంది. వడ్డీ ఆర్‌డీ వడ్డీ మీద 2 శాతమే ఎక్కువ, నెలకు రెండు వందల ఇరవైకి మించదు. రెండేళ్లు గడిచి, సొంతంగా పని పట్టాక ఇంకా కావాలంటే చిన్న వ్యాపారాలకు బ్యాంకులిచ్చే ముద్ర లోన్లలో శిశు కింద 50 వేల దాకా తాకట్టు లేకుండా అడగొచ్చు. దానికి ముందు ఉద్యమ్ రిజిస్ట్రేషన్ (చిన్న వ్యాపారాలకు ప్రభుత్వ నమోదు) చేయించండి, అది పూర్తిగా ఉచితం. నెట్ సెంటర్‌వాళ్లు 2 వేలు అడిగితే ఇవ్వకండి.

మూడో అంతస్తు సన్‌షేడ్ మీద నిలబడి ఔట్‌డోర్ బిగించే పని ఇది. బ్యాంకులో ఏడాదికి 20 రూపాయల సురక్షా బీమా ఈ రోజే కట్టించండి. ప్రమాదంలో ప్రాణం పోతేనో, పూర్తి అంగవైకల్యం వస్తేనో 2 లక్షలు ఇస్తారు, ఆసుపత్రి ఖర్చు మాత్రం ఇవ్వరు. పనిముట్లలో మొదట కొనాల్సింది నడుముకే కాకుండా భుజాలకు, తొడలకు కూడా కట్టే సేఫ్టీ బెల్టు (ఫుల్ బాడీ హార్నెస్), పైన ఆ సంగతి మరిచాను.

చివరగా మీవాడిని కూర్చోబెట్టి అడగండి: ఏడు నెలల్లో మేస్త్రీ గ్యాస్ టార్చ్ చేతికిచ్చాడా, పైపు అతుకు వేయనిచ్చాడా? లేక ఇప్పటికీ నిచ్చెన మోయడం, ఫిల్టర్లు కడగడమేనా? చెన్నై మీద అంత మనసు ఎందుకు పోయిందో ఆ జవాబులో తెలిసిపోతుంది. నిచ్చెన దగ్గరే ఆగిపోయి ఉంటే మార్చాల్సింది ఊరు కాదు, మేస్త్రీని. వాడేమన్నాడో నాకు రాయండి.