భజనలో హార్మోనియం వాయించేవారు సంగీత శాస్త్రాన్ని స్వయంగా నేర్చుకోవచ్చా?

కావలి దగ్గర రామాలయ భజనలో ఏళ్లుగా హార్మోనియం వాయిస్తున్నా ఏ పాట ఏ రాగమో చెప్పలేకపోతున్నాననీ, గురువు లేకుండా శాస్త్రం అబ్బుతుందా అనీ మీరు అడిగారు. చాలావరకు అబ్బుతుంది, అయితే పుస్తకంతో కాక, మీ చేతికి అలవాటైన మెట్లతోనే మొదలుపెట్టండి.

ఒకటో శ్రుతి తెల్లమెట్టును షడ్జమంగా (స) పెట్టుకొని మాయామాళవగౌళ రాగం వాయించండి. రిషభం (రి) షడ్జమం పక్క నల్లమెట్టు మీద, ధైవతం (ధ) పంచమం (ప) పక్క నల్లమెట్టు మీద పడతాయి, తక్కినవన్నీ తెల్లవే. ఆ రెండు స్వరాలను మాత్రం తర్వాతి తెల్లమెట్లకు జరిపితే, 15వ మేళం (ఏడు స్వరాలూ ఉన్న మూల రాగం) కాస్తా 29వ మేళమైన శంకరాభరణంగా మారిపోతుంది. ఈ మార్పును చెవి గుర్తుపట్టిన రోజే శాస్త్రం మొదలైనట్టు.

తర్వాత 12 స్వర స్థానాలకు 16 పేర్లు ఎందుకున్నాయో చూడండి: చతుశ్రుతి రిషభం, శుద్ధ గాంధారం (గ) ఒకే మెట్టు. రి-గ జతలు 6, ధ-ని జతలు 6, ఒక్కో రి-గ జతను ఒక్కో ధ-ని జతతో కలిపితే 36 మేళాలు. వీటిని మధ్యమం (మ) రెండు రకాలైన ‘శుద్ధ మధ్యమం’తో ఒకసారి, ‘ప్రతి మధ్యమం’తో ఒకసారి లెక్కిస్తే 72. బట్టీ పట్టకుండా ఈ పట్టికను మీరే కాగితం మీద వేసుకోండి.

తాళం భజనలో ఎలాగూ వచ్చిందే. ఆది తాళాన్ని 4, 2, 2గా విడదీసి లెక్కిస్తే చాలు.

గమకం, అంటే స్వరాన్ని ఊపుతూ పలికించడం, మాత్రం వేరు. తోడి రాగపు గాంధారంలోని ఊపు హార్మోనియం మెట్టు మీద పలకదు కనుక, దాన్ని గొంతుతో పాడి, తెలిసిన పెద్దలకు వినిపించి సరిచేయించుకోవాలి.