300 మంది జనం, 95 వేల చదరపు కిలోమీటర్లు: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ రాష్ట్రంలో, పడమటి అంచున డయామంటినా అనే షైర్ ఉంది. పోయిన నెల దాని గురించి నేను నాలుగు మాటలు రాస్తే, ఇన్ని ఉత్తరాలు వస్తాయని అనుకోలేదు. నేను సివిల్ ఇంజనీర్ని. పుట్టింది అనంతపురం జిల్లాలో, ఉంటున్నది క్వీన్స్‌లాండ్‌లోని టూవూంబాలో. వరదలకు పాడైన రోడ్లకు అంచనాలు వేయడం నా పని. అందుకే పశ్చిమ క్వీన్స్‌లాండ్ షైర్లలో తిరుగుతుంటాను. వచ్చిన ఉత్తరాల్లో అయిదింటికి ఈ నెల జవాబిస్తున్నాను.

తాడిపత్రి నుంచి ఒక టీచరు: షైర్ అంటే మన మండలమా, జిల్లానా? ఊళ్లెన్ని ఉంటాయి?

చేసే పని చూస్తే మన గ్రామ పంచాయతీ అమ్మా. విస్తీర్ణం చూస్తే ఒక రాష్ట్రానికి దగ్గరగా ఉంటుంది. డయామంటినా సుమారు 95 వేల చదరపు కిలోమీటర్లు. మన పాత ఉమ్మడి అనంతపురం జిల్లా 19 వేల చిల్లర, అంటే అలాంటివి అయిదు పడతాయి. జనం మాత్రం 300 లోపే.

ఆస్ట్రేలియాలో కేంద్రం, రాష్ట్రం, ఆ తర్వాత షైర్‌ను నడిపే కౌన్సిల్, అంతే. మధ్యలో జిల్లా పరిషత్తు లేదు, మండలం లేదు, కలెక్టరు లేడు. బడి, పోలీసు, ఆస్పత్రి రాష్ట్రం చూసుకుంటుంది. రోడ్లు, మంచినీళ్లు, చెత్త, శ్మశానం, విమానాలు దిగే స్ట్రిప్, ఇళ్ల ప్లాన్ల అనుమతులు కౌన్సిల్ బాధ్యత.

ఊళ్లు మూడు. బెడూరీలో కౌన్సిల్ ఆఫీసు ఉంది. బర్డ్స్‌విల్ పేరు మీరు విని ఉండొచ్చు, 1882 నుంచి గుర్రప్పందేలు జరిగే ఊరు. మూడోది బెటూటా. అక్కడున్న ఒకే ఒక్క హోటల్ 1997లో మూతపడితే ఊరే ఖాళీ అయింది, మళ్లీ 2020లో తలుపులు తెరిచారు. మిగిలిందంతా పశువుల స్టేషన్లు (పశువులను పెంచే పెద్ద పెద్ద క్షేత్రాలు), నేషనల్ పార్కులు, పడమరన సింప్సన్ ఎడారి ఇసుక దిబ్బలు. దక్షిణ ఆస్ట్రేలియా, నార్తర్న్ టెరిటరీ, క్వీన్స్‌లాండ్ మూడూ కలిసే పాపెల్ కార్నర్ కూడా ఈ షైర్ హద్దు మీదే ఉంది.

ఖాళీ నేల అని మాత్రం అనుకోకండి. అక్కడి ఆదివాసులైన వాంగ్కంగురు ప్రజలు ఆ ఎడారి లోపల, దిబ్బల మధ్య తవ్వుకున్న మికిరీ బావుల నీళ్లతో తరతరాలుగా బతికారు. 1900 ప్రాంతంలో ఎడారి వదిలి స్టేషన్లకూ చర్చి మిషన్లకూ చేరారు. వాళ్ల వారసులు ఈరోజుకీ బర్డ్స్‌విల్‌లో ఉన్నారు. ఆ ప్రాంతం గురించి రాసేటప్పుడు ఈ సంగతి చెప్పకపోతే తప్పనే నా అభిప్రాయం.

నల్లగొండ నుంచి ఒక రైతు: వానే పడదని మీరే రాశారు. మరి వరద ఎక్కడిది?

మంచి ప్రశ్న వేశారు. ఆ షైర్‌లో అన్నీ ఈ వరద చుట్టూనే తిరుగుతాయి.

కరువు జిల్లా అని పేరుపడ్డ మా అనంతపురంలోనే ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడుతుంది. బర్డ్స్‌విల్‌లో అందులో మూడో వంతు కూడా పడదు. 1972 డిసెంబరు 24న అక్కడ 49.5 డిగ్రీల ఎండ కాసింది. క్వీన్స్‌లాండ్‌లో ఇప్పటికీ అదే రికార్డు. అయితే ఉత్తరాన వందల కిలోమీటర్ల దూరంలో, వింటన్ వైపు, జనవరి నుంచి మార్చి దాకా రుతుపవన వానలు గట్టిగా పడతాయి. ఆ నీళ్లు డయామంటినా, జార్జినా నదుల్లో పడి దక్షిణానికి వస్తాయి. సముద్రానికి పోవు. ఖండం నడిబొడ్డున, సముద్రమట్టానికి సుమారు 15 మీటర్లు దిగువన ఉన్న కాటీ తాండా-లేక్ ఐర్ అనే ఉప్పు సరస్సులోకి చేరాలి. చాలా ఏళ్లు అక్కడిదాకా కూడా చేరవు, దారిలోనే ఇంకిపోతాయి.

బర్డ్స్‌విల్ సముద్రమట్టానికి 50 మీటర్ల ఎత్తులో కూడా లేదు. అక్కణ్ణుంచి సరస్సుకు ఇంకా 300 కిలోమీటర్ల పైనే. అంటే కిలోమీటరుకు జానెడు వాలు. అంత చదునైన నేల మీద నది ఒక్క పాయగా ఎలా పారుతుంది? వందల పాయలుగా చీలి, పదుల కిలోమీటర్ల వెడల్పున పరుచుకుంటుంది. అందుకే దాన్ని ఛానల్ కంట్రీ, అంటే పాయల సీమ అంటారు. పైన కురిసిన వాన కిందికి రావడానికి వారాలు పడుతుంది.

ఒకసారి బెడూరీ దక్షిణాన ఒక ఎండిన వాగు దగ్గర ఈ నీళ్లు రావడం చూశాను. ఆకాశంలో మబ్బు తునక లేదు. రోడ్డు వాగులోకి దిగేచోట, నీటి లోతు తెలియడానికి అంకెలు రాసిన నిలువు పలక పాతి ఉంటుంది. దాని మొదట్లో నేల నెర్రెలిచ్చి ఉంది. పైనుంచి ముందు నురగ వచ్చింది, నురగలో ఎండు పుల్లలు, సాలెపురుగులు, చీమలు. వెనకాల ఎర్రటి నీళ్లు. మనిషి నడకకన్నా నెమ్మదిగా వచ్చి నెర్రెల్లోకి దిగుతుంటే నేలలోంచి బుడగలు లేచాయి. నెర్రెలు నిండాకే నీళ్లు ముందుకు కదిలాయి. సాయంత్రానికి పలక మీద మొదటి అంకె మునిగింది, మర్నాటికి ఆ దారి మూసేశారు.

ఆ వరద కోసం పశువుల స్టేషన్ల వాళ్లు ఎదురుచూస్తారు. నీళ్లు తీశాక ఒండ్రు మీద మొలిచే గడ్డి మేసి పశువులు బలుస్తాయి. వాళ్లకు పంట అదే. కానీ మితిమీరితే నష్టమూ అంతే. 2025 మార్చిలో పశ్చిమ క్వీన్స్‌లాండ్‌కు వచ్చిన వరదలో లక్షకు పైగా పశువులు, గొర్రెలు కొట్టుకుపోవడమో చనిపోవడమో జరిగింది. ఎక్కువ దెబ్బ తగిలింది డయామంటినాకు తూర్పునున్న షైర్లకు. మైళ్ల కొద్దీ కంచెలు పోయాయి, రోడ్లు పోయాయి.

గుంటూరు నుంచి రిటైరైన పంచాయతీ అధికారి: 300 మందికి కౌన్సిల్ ఎందుకండీ? పక్కదాంట్లో కలిపేస్తే ఖర్చు తగ్గదా?

అయ్యా, ఈ మాట రాష్ట్ర రాజధాని బ్రిస్బేన్‌లోనూ అంటుంటారు. 2008లో క్వీన్స్‌లాండ్ ప్రభుత్వం నూటయాభై పైచిలుకు కౌన్సిళ్లను కలిపి 73 చేసింది. తర్వాత జనం పోరాడి నాలుగింటిని మళ్లీ విడదీయించుకున్నారు, ఇప్పుడు 77. డయామంటినాను అప్పుడు ముట్టుకోలేదు. అది సరైన నిర్ణయమని నేను గట్టిగా నమ్ముతాను.

ఉత్తరాన పక్కనే బౌలియా షైర్ ఉంది, 61 వేల చదరపు కిలోమీటర్లు. రెండూ కలిపితే దాదాపు ఆంధ్రప్రదేశ్ అంత అవుతుంది, జనం మాత్రం వెయ్యిమంది ఉండరు. మిగిలే డబ్బు ఎంత? ఒక మేయరు జీతం, నలుగురు కౌన్సిలర్ల భత్యం. రోడ్డు చదును చేసే గ్రేడర్లు తగ్గవు, రోడ్లు తగ్గవు. పోయేది మాత్రం ఆ రోడ్డు ఎక్కడ ముందు తెగుతుందో తెలిసిన మనిషి.

తలలు లెక్కపెట్టి ఆ కౌన్సిల్‌ను కొలవకూడదండీ. అక్కడ రోడ్డే ప్రాణం. రోగం వస్తే ఫ్లయింగ్ డాక్టర్, అంటే విమానంలో వచ్చే డాక్టరు, దిగే స్ట్రిప్ బాగుండాలి. బ్రిస్బేన్ నుంచి మౌంట్ ఐజా వెళ్లే చిన్న విమానం చార్లెవిల్, క్విల్పీ, విండోరా, బర్డ్స్‌విల్, బెడూరీ, బౌలియా అంటూ మన పల్లెవెలుగు బస్సులా ఊరూరా ఆగి, మనుషులనూ ఉత్తరాలనూ దింపుతూ పోతుంది. స్టేషన్ నుంచి పశువులను మోసే, వెనక వరసగా ట్రైలర్లు తగిలించిన రోడ్ ట్రైన్ లారీలకు గ్రావెల్ రోడ్డు కావాలి.

ఆ రోడ్డు వేసే వాళ్లను చూస్తే మీకు వాళ్ల మీద గౌరవం పెరుగుతుంది. ఇంటికి వంద కిలోమీటర్ల దూరంలో, రోడ్డు పక్కనే క్యారవాన్లలో రోజుల తరబడి మకాం. ముందు గ్రేడర్, వెనక నీళ్ల ట్యాంకర్, ఆ వెనక రోలర్. నీళ్లు తడపందే గ్రావెల్ బిగవదు. ఆ నీళ్లు ఎక్కడో ఒక బోరు నుంచి తేవాలి. ట్యాంకర్ రావడం ఆలస్యమైతే గ్రేడర్ డ్రైవరు ఇంజన్ ఆపేసి కూర్చుంటాడు, పొడిగా పరిస్తే నెలకే దుమ్మైపోతుందని అతనికి తెలుసు.

డబ్బు సంగతి అడిగారు. స్టేషన్లు, ఇళ్ల మీద వేసే పన్ను మొత్తం ఖర్చులో చిన్న ముక్క. కేంద్రం 1995 చట్టం ప్రకారం ఏటా ఇచ్చే గ్రాంటు ఉంది, అందులో రోడ్లకు విడిగా వాటా. రాష్ట్ర రహదారుల మరమ్మతును రాష్ట్ర రోడ్ల శాఖ కౌన్సిల్‌కే కాంట్రాక్టుగా ఇస్తుంది. దాంతో ఊళ్లో వాళ్లకు ఉద్యోగాలు నిలుస్తాయి. వరద నష్టానికి వేరే నిధి, దాన్ని 2011 వరదల తర్వాత పెట్టిన క్వీన్స్‌లాండ్ రీకన్‌స్ట్రక్షన్ అథారిటీ చూస్తుంది. నా పని అక్కడే. వరదకు ముందు రోడ్డు ఎలా ఉందో ఒక ఫోటో, తర్వాత ఎలా ఉందో ఒక ఫోటో, రెండింటి మీదా జీపీఎస్ అంకెలు ఉండాలి. ముందు ఫోటో లేకపోతే ఆ ముక్క రోడ్డుకు డబ్బు రావడం కష్టం. ఏటా వరదలు రాకముందే కెమెరాతో రోడ్లన్నీ తిరిగే మనిషి కౌన్సిల్‌లో ఉండాలని నేను పట్టుబట్టేది అందుకే.

మీరు పంచాయతీరాజ్‌లో పనిచేశారు కనుక ఇంకో మాట. మన స్థానిక సంస్థలకు 73వ సవరణతో 1993 నుంచి రాజ్యాంగంలో చోటుంది. ఆస్ట్రేలియా రాజ్యాంగంలో వాటి ఊసే లేదు. 1974లో, 1988లో రిఫరెండం పెడితే రెండుసార్లూ ఓడిపోయింది. రాష్ట్రం చట్టంతో పుట్టించిన కౌన్సిల్‌ను రాష్ట్రమే పక్కన పెట్టగలదు. పక్క రాష్ట్రం న్యూ సౌత్ వేల్స్‌లో అన్నిటికన్నా పెద్దదైన సెంట్రల్ డార్లింగ్ షైర్‌లో 2013 చివర్లో కౌన్సిల్‌ను పక్కనపెట్టి అడ్మినిస్ట్రేటర్‌ను కూర్చోబెట్టారు. పదేళ్లకు పైగా అక్కడి జనం ఓటేసి కౌన్సిలర్ని ఎన్నుకోలేదు. ప్రత్యేకాధికారుల పాలన ఎలా ఉంటుందో మీకు నేను చెప్పాలా? అక్కడి వాళ్ల బాధ అదే బాధ.

మెల్‌బోర్న్ నుంచి ఒక తల్లి: మా అబ్బాయికి పీఆర్ (శాశ్వత నివాస హక్కు) వచ్చింది, క్వీన్స్‌లాండ్‌లో ఉద్యోగం. కౌన్సిల్ ఓటు వేయాలా?

అక్కర్లేదమ్మా, క్వీన్స్‌లాండ్‌లో పౌరసత్వం వచ్చాకే ఓటు. వచ్చాక మాత్రం తప్పనిసరి, వేయకపోతే జరిమానా నోటీసు వస్తుంది. ఎన్నికలు నాలుగేళ్లకోసారి, కిందటివి 2024 మార్చిలో జరిగాయి. మన సర్పంచ్‌లాగే అక్కడ మేయర్ని జనమే నేరుగా ఎన్నుకుంటారు.

హైదరాబాద్ నుంచి ఒక పాఠకుడు: డిసెంబరులో బ్రిస్బేన్ వస్తున్నాం. కారులో బర్డ్స్‌విల్, సింప్సన్ ఎడారి చూడొచ్చా?

డిసెంబరులో వద్దండి. ఎండ వల్ల అక్కడి మంగా-తిర్రి నేషనల్ పార్కును డిసెంబరు 1 నుంచి మార్చి 15 దాకా మూసేస్తారు. బ్రిస్బేన్ నుంచి బర్డ్స్‌విల్‌కు దాదాపు 1,600 కిలోమీటర్లు. జూన్ నుంచి ఆగస్టు మధ్య రండి, చలి ఉంటుంది కానీ దారి బాగుంటుంది. బర్డ్స్‌విల్ నుంచి 35 కిలోమీటర్లు పడమరకు వెళ్తే బిగ్ రెడ్ అనే పెద్ద ఇసుక దిబ్బ వస్తుంది. ఫోర్ వీల్ డ్రైవ్, రెండు స్పేర్ టైర్లు, మనిషికి వారానికి సరిపడా నీళ్లు ఉంచుకోండి. బయల్దేరే ముందు షైర్ వాళ్లు ఇచ్చే రోడ్ల రిపోర్టు చూడండి. అందులో మూసి ఉందని రాస్తే, పైకి నేల ఆరినట్టు కనిపించినా ఆగిపోండి. పైన పొర ఆరినా లోపల బురదే ఉంటుంది, ఒక్క కారు వెళ్తే పడ్డ గాడి ఎండకు రాయిలా బిగుస్తుంది. దాన్ని చదును చేయడానికి గ్రేడర్ మళ్లీ వంద కిలోమీటర్లు వెనక్కి రావాలి. ఆపైన మీకు జరిమానా కూడా పడుతుంది.