పరుపు సంగతి తర్వాత, ముందు ఆయన హాల్లో ఎందుకు పడుకుంటున్నారో చూడమ్మా

గాజువాక నుంచి ఒకమ్మాయి రాసింది. పెళ్లయి ఎనిమిదేళ్లు, భర్త బరువు 115 కిలోలు, తను 58. ఇప్పటికి రెండు ఫోమ్ పరుపులు మధ్యలో గుంట పడ్డాయి, రాత్రి నిద్రలో తను ఆయన మీదకి దొర్లిపోతోందట, ఒకటే నడుం నొప్పి. చందనోత్సవానికి పుట్టింటివాళ్లంతా సింహాచలం దర్శనం చేసుకుని ఇంటికొస్తే, చెల్లెలు మంచం మీద కూర్చుని ఇదేంటక్కా ఇంత గుంట అంది, ఈ అమ్మాయేమో "ఏనుగు పడుకుంటే గుంట పడదా" అంది, అందరూ నవ్వారు, ఆయనా నవ్వారట. ఆ రాత్రి నుంచి ఏసీ పడట్లేదని హాల్లో చాప వేసుకుంటున్నారు. కొత్త పరుపుకి వాళ్లమ్మ సగం డబ్బులిస్తానంది. ఏ పరుపయితే ఆగుతుంది, రెండు సింగిల్ పరుపులు పక్కపక్కన వేస్తే ఎలా ఉంటుంది, ఆయన గురకకి కూడా ఏదైనా దారి ఉందా, ఇవీ ప్రశ్నలు.

అమ్మా, నా కూతురి ఈడుదానివి కాబట్టి నువ్వు అనే అంటాను. ఆ ఏనుగు మాట మధ్యలో ఎక్కడో ఒక్క లైన్లో రాసేసి వెళ్లిపోయావు, మిగతా ఉత్తరమంతా పరుపే. నేను మాత్రం ఆ లైన్ దగ్గరే ఆగిపోయాను. వైశాఖం ఉక్కపోతలో, మన వైజాగ్‌లో, ఏసీ గది వదిలేసి ఫ్యాన్ కింద చాప మీద పడుకునే మనిషి ఏసీ పడట్లేదంటే నువ్వెలా నమ్మావమ్మా? నమ్మలేదు, నమ్మినట్టు ఊరుకున్నావు.

ఆయన కూడా నవ్వారు కదా అని రాశావు. అత్తారింటివాళ్లంతా కూర్చుని ఉంటే ఇంకేం చేస్తారు, అల్లుడు మొహం ముడుచుకుని లేచి వెళ్లిపోతే అదింకో పెద్ద కథ అయిపోతుంది, అందుకే నవ్వారు. లావుగా ఉన్నవాళ్లకి ఆ నవ్వు చిన్నప్పట్నుంచీ అలవాటే, స్కూల్లో పేర్లు పెట్టినప్పుడు, షేర్ ఆటోలో పక్కవాడు విసుక్కున్నప్పుడు, పెళ్లిలో ఎవరో ప్లాస్టిక్ కుర్చీ జాగ్రత్త అన్నప్పుడు. బయట ఎంతమంది అన్నా ఇంటికొచ్చి తలుపేసుకుంటే ఆ మాట బయటే ఉండిపోవాలి. నువ్వు దాన్ని పడగ్గదిలోకి తెచ్చావు. మొగుడూ పెళ్లాల మంచం సంగతి గడప దాటకూడదమ్మా, పాతకాలపు మాట అనుకున్నా సరే నేను దాన్ని గట్టిగా నమ్ముతాను.

మీ అమ్మ డబ్బులు మాత్రం తీసుకోవద్దు. ఆవిడ ప్రేమతోనే ఇస్తుంది, కాదనను, కానీ ఏ పరుపు గురించి నవ్వారో దానికి అత్తగారు సగం కట్టిందంటే ఆయన ఆ పరుపు మీద ప్రశాంతంగా పడుకోలేరు. ఆర్నెల్లు ఆగి కొనుక్కోండి, నష్టం లేదు.

ఇక నువ్వడిగింది. ముందు పరుపు తీసి మంచం చెక్క చూడు. స్టోరేజ్ మంచాలకి చాలావాటికి పైన పలచటి ప్లైవుడ్ షీటే ఉంటుంది, మధ్యలో ఆనిక ఉండదు, మీ ఇద్దరిదీ కలిపి 173 కిలోలు. ఈ చివర్నుంచి ఆ చివరకి దారం బిగించి పట్టుకుంటే ఎంత దిగిందో కనిపిస్తుంది. దిగితే కార్పెంటర్ చేత 18 ఎంఎం ప్లై వేయించి, మధ్యలో అడ్డపట్టీ పెట్టించి దానికింద ఒక కాలు ఇప్పించు, లేకపోతే ఎంత ఖరీదు పరుపు వేసినా మళ్లీ అదే గుంట.

ఫోమ్ కొంటే డెన్సిటీ అడుగు, అంటే ఒక ఘనపు మీటరు ఫోమ్ ఎన్ని కిలోలు తూగుతుందో ఆ లెక్క. డెన్సిటీ వేరు గట్టిదనం వేరు, షాపులో చేత్తో నొక్కి చూస్తే డెన్సిటీ తెలీదు. 32 డెన్సిటీ ఆయన బరువుకి తొందరగా నలిగిపోతుంది, 40కి తగ్గొద్దు, మందం 8 అంగుళాలకి తగ్గొద్దు. పైన మెత్తటి పొర ఒకటీ రెండు అంగుళాలు చాలు, ఎక్కువైతే తుంటి దిగిపోయి నడుం వంగిపోతుంది. అలాగని చెక్కలాంటి పీచు పరుపూ వద్దు, పక్కకి తిరిగి పడుకునేవాళ్లకి భుజం, తుంటి ఒత్తుకుంటాయి. మెమరీ ఫోమ్ వేడి పట్టుకుంటుంది, మన చెమట వాతావరణానికి నేనైతే చెప్పను. డబ్బు సరిపోతే నేచురల్ లేటెక్స్, అంటే రబ్బరు పాలతో చేసే పరుపు మంచిది, తొందరగా కుంగదు. లేదంటే పాకెట్ స్ప్రింగ్, అందులో ప్రతి స్ప్రింగూ విడిగా గుడ్డ సంచిలో ఉంటుంది కాబట్టి ఆయన కదిలితే నీ వైపు అంతగా ఊగదు. బోనెల్ స్ప్రింగ్ చవక, కానీ అన్నీ కలిపి కట్టేసి ఉంటాయి, ఒకరి వైపు దిగితే రెండోవాళ్లనీ లాగుతుంది. వారంటీ కార్డులో ఎంత లోతు గుంట పడితే మారుస్తారో రాసి ఉంటుంది, కొనకముందే చదువు. మూడు నెలలకోసారి తల వైపు కాళ్ల వైపు తిప్పి వెయ్యి.

రెండు సింగిల్ పరుపులా? 72 అంగుళాల మంచం మీద 36వి రెండు చక్కగా పడతాయి, ఎవరికి కావల్సిన గట్టిదనం వాళ్లు తీసుకోవచ్చు, ఐడియా మంచిదే. కానీ ఆయన హాల్లో ఉండగా నువ్వు విడి పరుపులు తెప్పిస్తే ఆయన దాన్ని ఎలా తీసుకుంటారో ఆలోచించావా? ఆయన నోటంట వస్తేనే తీసుకో.

గురక పరుపుతో పోదు, మధ్యలో ఊపిరి ఆగి ఉలిక్కిపడుతుంటే డాక్టర్ని కలవాలి, అది వేరే రోజు మాట్లాడు, ఈ మాటతో కలిపి బరువు ఊసు ఎత్తకు.

అసలు చిక్కేంటంటే 58 కిలోల నీకు బాగుందనిపించిన పరుపు 115 కిలోలు పడితే ఏమవుతుందో నీకు తెలీదు, ఆయన షాపుకి రావాలి, పావుగంటైనా ఇంట్లో పడుకున్నట్టే పడుకుని చూడాలి. మొన్నటి నవ్వు తర్వాత ఆయన నలుగురి ముందు పరుపెక్కుతారా? ఎక్కరు. అందుకని ఈ రాత్రే హాల్లో ఆయన చాప పక్కన కూర్చుని, అలా అనకూడదు, తప్పయిపోయింది అని చెప్పు, "సరదాకి అన్నా" అని మాత్రం కలపకు. నలుగురిలో అన్నావు కాబట్టి మీ చెల్లికీ ఫోన్ చేసి ఇంక ఆ మాట ఎవరూ అనొద్దని చెప్పు, ఆయన వినేలా. మాట్లాడకపోతే ఆయన్ని కదపకు, రోజులు పట్టనీ. వస్తానన్నాక జనం లేని టైంలో, వారం మధ్యలో పొద్దున్నే షాపుకి వెళ్లండి, ముందు నువ్వే పడుకో, తర్వాత ఆయన్ని పిలువు.

కొత్త పరుపు వచ్చిన రోజు మీ చెల్లి ఎలా ఉందక్కా అని అడుగుతుంది. బాగుంది అని చెప్పి పిల్లల సంగతి అడుగు.