రొమ్ము ఇంప్లాంట్లు తీయించుకున్నాక మళ్లీ మామూలుగా తిరగడానికి ఎన్నాళ్లు పడుతుంది?

కూర్చుని చేసే పనికి, నలుగురినీ కలవడానికి సాధారణంగా 1–2 వారాలు చాలు. బరువులెత్తడానికి, వ్యాయామానికి మాత్రం 4–6 వారాలు ఆగాలి.

ఇంప్లాంట్ తీసిన చోట లోపల ఖాళీ మిగులుతుంది. దాని గోడలు ఒకదానికొకటి అతుక్కునేదాకా అందులో నీరు ఊరుతుంది. అందుకే చాలామందికి సన్నటి డ్రెయిన్ గొట్టం పెట్టి, రోజుకు వచ్చే నీరు సుమారు 30 మి.లీ. కంటే తగ్గాక తీసేస్తారు. ఈలోగా చేతులతో బలంగా లాగినా, ఎత్తినా ఛాతీ కండరం కదిలి ఆ అతుకు విడిపోవచ్చు. ఉదాహరణకు, పదో రోజున ఒళ్లు తేలిగ్గా ఉందని బిడ్డను వంగి ఎత్తుకుంటే, సాయంత్రానికి ఒకవైపు ఉబ్బి లోపల నీళ్లు కదిలినట్టు ఉండొచ్చు. కూర్చుని, ఎవరైనా ఒళ్లోకి అందిస్తే తీసుకోండి. వాపు హఠాత్తుగా పెరిగినా, ఎర్రబడినా, జ్వరం వచ్చినా అదే రోజు సర్జన్‌కు చూపించాలి.

మొదటి వారాల్లో కనిపించే సొట్టలు, ముడతలు చూసి దయచేసి ఇంట్లోనే ఉండిపోకండి. అది తుది రూపం కాదు, చర్మం సర్దుకోవడానికి 3–6 నెలలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే పడుతుంది. ముందు హుక్కులుండే మెత్తటి బ్రా, పైన వదులు చొక్కా వేసుకుంటే తేడా పెద్దగా తెలియదు.

ఇంప్లాంట్ల వల్లే అలసట, కీళ్లనొప్పులు వచ్చాయని తీయించుకునేవాళ్లలో చాలామంది, ఇంప్లాంట్ చుట్టూ ఉన్న పొరను మొత్తం ఒకే ముద్దగా తీస్తేనే ఆరోగ్యం తిరిగొస్తుందని నమ్ముతారు. ఆ పొర శరీరం తనంతట తాను అల్లుకున్న మచ్చ కణజాలం. అలా తీయడం తప్పనిసరయ్యేది ఆ పొరలో క్యాన్సర్ ఉన్నప్పుడు. ఆ అలసట, కీళ్లనొప్పులు తగ్గడమన్నది పొర కొంత మిగిల్చినవాళ్లలోనూ కనిపిస్తుంది.